పువ్వు ఉన్నట్టు ధ్రువీకరణ

మా సింగన్నపేట మునిసిపల్ పార్కులో ఎన్ని పూలున్నాయో ప్రభుత్వానికి తెలియవలసిన అవసరం వచ్చింది. అంతకుముందు ఎవరికీ ఆ అవసరం రాలేదు. పార్కుకి వచ్చేవాళ్లు పూలు చూసేవాళ్లు, బఠాణీలు తినేవాళ్లు, పొట్లం కాగితాలు అక్కడే పారేసి వెళ్లేవాళ్లు.

అవసరం ఎలా వచ్చిందంటే, ఉత్తమ ఉద్యానవనాల పోటీకి ఊళ్లన్నీ ఫొటోలు పంపితే, ఆరు ఊళ్ల నుంచి ఒకటే తోట వచ్చింది. ఆ తోట వెనక మంచుకొండ కూడా ఉంది. మన వైపు మంచుకొండలు లేవని నిర్ధారించడానికి ఒక కమిటీ వేశారు. కమిటీ ఎనిమిది నెలలు కూర్చుని, మంచుకొండలు లేవనీ, తప్పు మాత్రం ఊళ్లది కాదు ఫొటోలదనీ తేల్చింది. దాని మీద ఉత్తర్వు వచ్చింది.

ఆ ఉత్తర్వు కమిషనర్ భుజంగరావుగారు నాకు నిలబడి చదివి వినిపించారు. నేను పార్కుల విభాగంలో జూనియర్ అసిస్టెంటుని. విభాగంలో ఉన్నది నేనొక్కణ్ణే.

"ఛాయాచిత్రములు అసత్యమునకు అలవాటుపడినందునను, నీటిరంగులలో నీటి పాలు ఎంతయో నిర్ధారించు యంత్రాంగము లేనందునను, తైలవర్ణములు ఆరులోగా సంబంధిత అధికారి బదిలీ అగు ప్రమాదము ఉన్నందునను, ఇకమీదట ప్రతి పువ్వును దాని ఎదుటనే కూర్చుండి, పేస్టల్ అను పొడి రంగు కడ్డీలతో, చేతితో చిత్రించి, 'ఈ పువ్వు ఈ స్థలమున ఉన్నది' అని ధ్రువీకరించవలెను."

చదివి కళ్లజోడు తీశారు. "అర్థమైందా సుదర్శనం?"

"అర్థమైంది సార్. పేస్టల్ అంటే ఏంటి సార్?"

"అది సాంకేతిక విషయం. సాంకేతిక విషయాలు కింది స్థాయిలో పరిష్కరించుకోవాలి."

నా కింది స్థాయిలో ఉన్నది తోటపని చేసే గున్నమ్మ ఒక్కతే. పదకొండేళ్లుగా కాంట్రాక్టు మీద ఆ పార్కుని సాకుతున్న మనిషి. ఆమెను అడిగితే, "పేస్టంటే పళ్లు తోముకుంతారు కదా బాబూ" అంది. అందుకని మునిసిపల్ హైస్కూలుకి వెళ్లి కాత్యాయని టీచర్‌ని కలిశాను.

కాత్యాయని టీచర్ నాకు ఏడో తరగతిలో డ్రాయింగు చెప్పింది. నేను వేసిన మామిడిపండు చూసి, "వంకాయ బాగా వచ్చిందిరా" అని మెచ్చుకుంది. ఇప్పుడు ఆవిడకి రిటైర్మెంటు మూడేళ్లలోకి వచ్చింది. నేను చెప్పింది విని, బీరువా తెరిచి ఒక చెక్కపెట్టె తీసింది. లోపల సుద్దముక్కల్లాంటి రంగు కడ్డీలు, కొన్ని వేలెడంత, కొన్ని గోరంత. నీళ్లు అక్కర్లేదు, కుంచె అక్కర్లేదు. కాగితం మీద గీసి వేలికొసతో రుద్దాలి, అంతే.

పెట్టె కింద ఆవిడ బొమ్మలు ఉన్నాయి. ముప్ఫై ఏళ్లుగా వేసినవి. అన్నీ చిన్నపూలే. పెరట్లో గచ్చు పక్కన మొలిచేవి, కాలికింద పడితే మనం చూసుకోనివి. ఇన్నేళ్లలో ఆ పెట్టె తెరవమని అడిగినవాణ్ణి నేనొక్కణ్ణేనట.

"గులాబీలు, తామరలు వెయ్యరా టీచర్‌గారూ?"

"పెద్ద పువ్వు తన సంగతి తనే చెప్పుకుంటుందిరా. చిన్నదాని దగ్గరికి మనమే వంగాలి. నాకు వంగడం అలవాటు." తరవాత అడిగింది. "నిజంగానా? పువ్వులు వెయ్యమని ప్రభుత్వం అడుగుతోందా?"

"ఉత్తర్వు కూడా ఉంది."

ఆవిడ ఆ ఉత్తర్వు నా చేతిలోంచి తీసుకుని రెండుసార్లు చదువుకుంది. ఆ భాష చదివి సంతోషపడ్డ మనిషిని అదే మొదటిసారి చూడడం.

*

ఆవిణ్ణి పార్కుకి డెప్యుటేషన్ మీద వేశారు. స్కూల్లో డ్రాయింగు పీరియడ్ లెక్కల మాస్టారికి ఇచ్చారు. పిల్లలు తప్ప ఎవరూ బాధపడలేదు.

మొదటి రెండు నెలలు బాగా గడిచాయి. కాత్యాయని టీచర్ పొద్దున్నే ఒక పీట వేసుకుని మడి పక్కన కూర్చునేది. గున్నమ్మ ఆవిడకి పూలను, ఇంట్లోవాళ్లను చూపించినట్టు, ఒక్కొక్కటే చూపించేది. "ఇది కనకాంబరమమ్మా, వాసనుండదు గాని వోరం రోజులు వాడదు. ఇది గడ్డిగులాబి, ఎండెక్కితే ఇచ్చుకుంటాది, మజ్జానానికి ముడుసుకుపోద్ది. ఇదిగో, ఈ సంద్రకాంత దీనికి అడ్డం. పొద్దోలితే గాని మొకం సూపించదు."

"నీకు ఏది ఇష్టం గున్నమ్మా?"

"డిసెంబరాలమ్మా. సలికి అందరం ముడుసుకుంటాం, అది ఇచ్చుకుంటాది."

టీచర్ రోజుకి రెండు పూలు వేసేది. ఎక్కువ వేయమంటే వినేది కాదు. ఒక్కో బొమ్మ పూర్తవగానే నేను కింద 'ఈ పువ్వు ఈ స్థలమున ఉన్నది' అని ముద్ర వేసేవాణ్ణి. ఆవిడ సంతకం పెట్టేది. గున్నమ్మ వెనకనుంచి తొంగిచూసి, "ఆకు మీద పురుగు కొట్టింది కూడా ఏసీసినావమ్మా" అని నవ్వేది. ఆ ఉత్తర్వు వల్ల ఎవరికైనా మేలు జరిగిందంటే ఆ రెండు నెలలూ ఆ ఇద్దరికీ జరిగింది. పై అధికారులకి ఈ సంగతి తెలియదు. తెలిస్తే అప్పుడే సరిచేసేవారు.

*

నవంబరు చివర్లో ధ్రువీకరణాధికారి పురుషోత్తంగారు ప్రాంతీయ కార్యాలయం నుంచి తనిఖీకి వచ్చారు. చిత్రాన్నీ పువ్వునీ పక్కపక్కన పెట్టి చూసి, రెండూ ఒకటేనని రాయడం ఆయన పని. పొద్దున్నే వస్తారన్న మనిషి గెస్ట్‌హౌసులో భోజనం ముగించుకుని మూడు గంటలకి వచ్చారు.

మూడు గంటలకి గడ్డిగులాబీ అప్పటికే ముడుచుకుపోయింది. చంద్రకాంత ఇంకా విచ్చుకోలేదు.

ఆయన చిత్రం చూశారు, మొక్కని చూశారు, మళ్లీ చిత్రం చూశారు. "వ్యత్యాసం" అన్నారు.

"పొద్దున తొమ్మిదికి విచ్చుకునే ఉందండీ. అప్పుడు వేశాను" అంది కాత్యాయని టీచర్.

"పువ్వు స్థితి తనిఖీ సమయానికి వర్తిస్తుంది, చిత్రలేఖన సమయానికి కాదు. ఈ చంద్రకాంత ఎప్పుడు తెరుస్తారు?"

"అదే తెరుసుకుంటాది బాబూ, పొద్దోలేక" అంది గున్నమ్మ.

"అంటే కార్యాలయ వేళల తరవాత."

"పువ్వుకేటి తెల్సు బాబూ, ఆపీసు టయిము."

పురుషోత్తంగారు నా వైపు తిరిగారు. "రాసుకోండి. ప్రభుత్వ స్థలమున గల ప్రతి పువ్వు ఉదయం పదిన్నర మొదలు సాయంత్రం ఐదు వరకు విచ్చుకొని ఉండవలెను. మధ్యాహ్నం అరగంట విరామం ఇవ్వవచ్చు. బాధ్యత తోటపనివారిది."

నేను రాసుకున్నాను. గున్నమ్మకి ఆ వారమే మెమో వచ్చింది. చదవడం రాదు కాబట్టి నేనే చదివి వినిపించాను. ఆమె శ్రద్ధగా విని, "మరి సూరీడికి ఎవురిచ్చారు మెమో?" అని అడిగింది. కార్యాలయంలో అడిగితే అది మా పరిధి కాదన్నారు.

తనిఖీ రోజే పురుషోత్తంగారు బొమ్మల్ని దగ్గరగా చూడడం మొదలుపెట్టారు. డిసెంబరం బొమ్మ దగ్గర ఆగారు. ఊదారంగు, మధ్యలో సన్నటి తెల్లచార. గున్నమ్మ ఆ బొమ్మ వచ్చినరోజు చాలాసేపు చూస్తూ ఉండిపోయింది.

"ఇక్కడ చెరిపినట్టుంది."

"చెరపలేదండీ. రుద్దాను. పేస్టల్ అలాగే వేస్తారు."

"రికార్డులో దిద్దుబాటు ఉంటే పక్కన సంతకం ఉండాలి."

"దిద్దుబాటు కాదండీ. నీలం మీద గులాబీరంగు వేసి వేలితో కలిపితే ఈ ఊదా వస్తుంది."

పురుషోత్తంగారు సంచీలోంచి జాబితా తీశారు. "మంజూరైన రంగులు పన్నెండు. అందులో ఊదా లేదు. మీరు కార్యాలయానికి తెలియకుండా ఒక రంగుని తయారుచేశారన్నమాట."

టీచర్ ముప్ఫై ఏళ్లు ఏడో తరగతి పిల్లలతో వేగింది కాబట్టి కోపం తెచ్చుకోలేదు. మెల్లగా, ప్రశ్న అర్థం కాని పిల్లవాడికి చెప్పినట్టు చెప్పింది. "పువ్వు ఊదాగా ఉందండీ."

"అది పువ్వు తప్పు. దాన్ని మీరు సమర్థించడం మీ తప్పు."

ఆ తరవాత నుంచి వేలితో రుద్దినచోటల్లా పక్కన పొట్టి సంతకం పెట్టాలని నియమం వచ్చింది. ఒక కనకాంబరానికి ముప్ఫై ఎనిమిది సంతకాలు పడ్డాయి. వాటి మధ్య కనకాంబరం ఎక్కడుందో నేను వేలు పెట్టి చూపిస్తే గాని కమిషనర్‌గారికి కనిపించలేదు. "ఇప్పుడు ఇది పత్రంలా ఉంది" అని ఆయన తృప్తిపడ్డారు.

*

రికార్డులో ఉన్న పూలకి ఒక దారి దొరికింది. రికార్డులో లేని పూల మాటేమిటని డిసెంబరులో ప్రశ్న వచ్చింది. టీచర్ రోజుకి రెండు వేస్తుంటే, మొక్కలు రోజుకి రెండువందలు పూస్తున్నాయి. తేడా పెరుగుతూ పోయింది. కమిషనర్‌గారు సమావేశం పెట్టారు. సమావేశానికి నన్నూ టీచర్‌నీ పిలిచారు. పువ్వుల తరఫున ఎవరూ రాలేదు.

"ప్రభుత్వ స్థలంలో అనుమతి లేకుండా వెలసిన దేన్నైనా ఏమంటాం?" అని అడిగారు భుజంగరావుగారు.

ఆయనే చెప్పారు. "ఆక్రమణ అంటాం. ఆక్రమణ పట్ల మన విధానం సుస్పష్టం."

ఆ విధంగా, చిత్రం లేని పువ్వు ఆక్రమణ కిందికి వచ్చింది. రిజిస్టర్లో లేని ప్రతి మొగ్గనీ విచ్చుకోకముందే గిల్లేయాలని ఉత్తర్వు రాశాను. పొద్దున ఎనిమిది గంటలలోపు గిల్లి, బుట్టలో వేసి, ఎన్ని గిల్లారో నాకు చెప్పాలి. గిల్లకపోతే కాంట్రాక్టు పొడిగించరు.

గున్నమ్మకి అదీ నేనే చదివి వినిపించాను. మర్నాడు పొద్దున నేను పార్కుకి వెళ్లేసరికి మడి దగ్గర కూర్చుని ఉంది. చేతులు ఒళ్లో ఉన్నాయి. బుట్ట ఖాళీగా ఉంది.

"మొగ్గలన్నీ ఒగ్గీమనండి బాబూ. నా సేత్తో నీరు పోసి, నా సేత్తో ఎలా గిల్లీది?"

"నేను కాదు గున్నమ్మా. ఉత్తర్వు."

"రాసింది మీరే గదా."

నేను రిజిస్టరు తెరిచి ఏదో చూసుకున్నాను.

కాత్యాయని టీచర్ అప్పటికి వచ్చేసింది. పీట వేసుకుని, పెట్టె తెరిచి, "గున్నమ్మా, ఒక్కోటీ నన్ను అడిగి గిల్లు" అంది.

గున్నమ్మ మొదటి మొగ్గ మీద వేలు పెట్టింది. "ఇది గీసీసినారా అమ్మా?"

"గీశాను. వదిలెయ్."

"ఇది?"

"అదీ గీశాను."

"ఇదమ్మా?"

"గీశానన్నాను కదా."

అబద్ధం. ఆ మొగ్గలేవీ ఆవిడ చూడను కూడా లేదు. కానీ మాట అనేశాక గీయక తప్పదు. రోజుకి రెండు వేసే మనిషి ఆ రోజు నుంచి ఏడు, ఎనిమిది వేయడం మొదలుపెట్టింది. ఆరు గంటలకి వచ్చి, చీకటి పడేముందు లేచేది. నడుం పట్టేస్తే గున్నమ్మ చెయ్యిచ్చి లేపేది. వేళ్ల చర్మం అరిగి, రంగు గీతల్లోకి దిగి, సబ్బుకి కూడా పోయేది కాదు. కొన్ని బొమ్మలు బాగా రాలేదు. ఆ సంగతి ఆవిడకే ముందు తెలిసేది. "ఇది పువ్వు కాదురా, రసీదు" అని నా చేతిలో పెట్టేది. నేను ముద్ర వేసేవాణ్ణి. గీయకముందే ముద్ర వేసిన కాగితాలు కూడా కొన్ని ఉన్నాయి. నా ఉద్యోగ జీవితంలో నేను చేసిన సాహసం అదొక్కటే. దాన్ని కూడా ఎవరూ చూడకుండా చేశాను.

అయినా అన్నిటినీ ఆపలేకపోయారు. ఎక్కువ మొగ్గలు బుట్టలోకే వెళ్లాయి. గున్నమ్మ రోజూ ఆ బుట్ట తెచ్చి నా బల్ల పక్కన పెట్టి, ఎన్నో చెప్పకుండా వెళ్లిపోయేది. అంకె నేనే వేసుకునేవాణ్ణి.

*

ఫిబ్రవరి నాటికి నాలుగువందల పన్నెండు బొమ్మలయ్యాయి. వాటిని మామూలు ఫైళ్లలాగే కట్టగట్టి, తాడు బిగించి, బీరువాలో పెట్టాం. పేస్టల్ అంటే పొడి. రెండోసారి తనిఖీకి పురుషోత్తంగారు కట్ట విప్పేసరికి, కనకాంబరం రంగు పక్కనున్న నందివర్ధనానికి అంటుకుని ఉంది. తెల్లని నందివర్ధనం నారింజరంగులో ఉంది. ఆయన పార్కులోకి వెళ్లి నందివర్ధనం చూశారు. అది తెల్లగానే ఉంది.

"పువ్వు రంగు కోల్పోయింది" అని రాశారు.

దీని మీద పై నుంచి సలహా వచ్చింది. చిత్రాలకు అద్దాలు బిగించాలి. అద్దాల పటాలు తగిలించడానికి గోడలు కావాలి. గోడలుండాలంటే భవనం కావాలి. భవనానికి స్థలం కావాలి. ఊళ్లో మునిసిపాలిటీకి మిగిలిన ఖాళీ స్థలం ఎక్కడుందని వెతికితే, పార్కు ఒక్కటే కనిపించింది. అందులో పూలు తప్ప ఏమీ లేవు.

ఆ తీర్మానం నేనే శుద్ధప్రతి రాశాను. "ఉద్యానవన పుష్పములకు శాశ్వత రక్షణ కల్పించు నిమిత్తము, ఉద్యానవనమును తొలగించుటకు ఏకగ్రీవముగా తీర్మానించడమైనది."

కాత్యాయని టీచర్ కమిషనర్‌గారి గదికి వెళ్లింది. నేనూ వెంట ఉన్నాను.

"తోట తీసేస్తే నేను దేన్ని చూసి వెయ్యాలండీ?"

"ఇక వెయ్యనక్కర్లేదు టీచర్‌గారూ. నాలుగువందల పన్నెండు చాలు. మీరు అసాధారణ కృషి చేశారు. శాలువా ప్రతిపాదించాను."

"బొమ్మ ఉంటే పువ్వు ఉన్నట్టు కాదండీ."

భుజంగరావుగారు జాలిగా నవ్వారు. "మీరు కళాకారులు. మీకు పువ్వు మీద మమకారం సహజం. ఆలోచించండి. పువ్వు సాయంత్రానికి వాడుతుంది. పురుగు పడుతుంది. వేళకి విచ్చుకోదు. చిత్రానికి ఈ క్రమశిక్షణారాహిత్యం లేదు. ఇంతకాలం మనం పూలను పువ్వుల్లో వెతికాం. అదే పొరపాటు."

మార్చిలో పొక్లెయిన్ వచ్చింది. మడులన్నీ చదును కావడానికి ఒక పూట పట్టింది. గున్నమ్మ గేటు దగ్గర నిలబడి చూసింది. డ్రైవరు ఆమెకి తెలిసినవాడే. పని మధ్యలో దిగి వచ్చి, "అత్తా, నన్ను తిట్టుకోకు" అన్నాడు. ఆమె అతనికి మంచినీళ్ల సీసా అందించింది.

*

హాలు గొప్పగా కట్టారు. నల్లరాతి గచ్చు, ఎత్తు పైకప్పు, నాలుగు గోడల నిండా నాలుగువందల పన్నెండు పటాలు. గున్నమ్మ ఉద్యోగం పోలేదు. ఎందుకంటే ప్రతి ఉద్యానవనానికి ఒక తోటపనివారు ఉండాలని నిబంధన ఉంది. ఆ హాలు కాగితాల్లో ఇంకా ఉద్యానవనమే. ఆమె రోజూ నీళ్ల గొట్టం పట్టుకుని హాల్లో ఒక మూల నిలబడాలి. నీళ్లు మాత్రం వదలకూడదు, రంగు పోతుంది.

ప్రారంభోత్సవానికి రాజధాని నుంచి ఒక పెద్దాయన వచ్చారు. రిబ్బను కత్తిరించారు. టీచర్‌కి శాలువా కప్పారు. వెనక్కి చేతులు కట్టుకుని పటాలు చూస్తూ నడిచారు. కమిషనర్‌గారు ఒక అడుగు వెనక, పురుషోత్తంగారు రెండడుగులు వెనక, నేను రిజిస్టర్లతో ఆ వెనక.

పెద్దాయన డిసెంబరం బొమ్మ దగ్గర ఆగిపోయారు. చాలాసేపు చూశారు. ఆ మనిషి ముఖం కాస్త మెత్తబడడం నేను చూశాను.

"మా అమ్మ పెంచేది ఇవి. పెరట్లో. ఇప్పుడెక్కడా కనిపించడం లేదు. ఇది ఎక్కడుంది?"

"వరుస ఏడు, పటం పద్నాలుగు సార్" అన్నారు కమిషనర్‌గారు.

"బొమ్మ కాదయ్యా. పువ్వు. ఈ స్థలమున ఉన్నది అని కింద రాశారు కదా. ఎక్కడుంది?"

భుజంగరావుగారు పురుషోత్తంగారి వైపు చూశారు. పురుషోత్తంగారు నా వైపు చూశారు. నేను రిజిస్టరు తెరిచాను. మూలనుంచి గున్నమ్మ చెప్పింది.

"మీరు నిల్సున్న కాడేనండి బాబూ."

పెద్దాయన కిందకి చూశారు. మెరుగుపెట్టిన నల్లరాయి. అందులో ఆయన బూట్లు, ఆయన ముఖం తలకిందులుగా కనబడుతున్నాయి. ఒక కాలు పక్కకి జరిపి చూసుకున్నారు. అక్కడా రాయే.

"అంటే పువ్వు లేదా?"

కమిషనర్‌గారు పటం నంబరు మళ్లీ చూసుకున్నారు.

"లేని పువ్వు ఉన్నట్టు సంతకం పెట్టిందెవరు?"

ఆ ప్రశ్నకి జవాబు తెలిసినవాళ్లు హాల్లో చాలామంది ఉన్నారు. అందరూ ఒక్కసారే కాత్యాయని టీచర్ వైపు చూశారు. శాలువా ఇంకా ఆవిడ భుజం మీదే ఉంది.

*

అభియోగపత్రం నేనే రాశాను. 'నాలుగువందల పన్నెండు పుష్పములు స్థలమున లేకయే ఉన్నట్లు చిత్రించి, ప్రభుత్వమును తప్పుదారి పట్టించినందులకు' అని మొదలవుతుంది. గున్నమ్మకి అభియోగపత్రం అవసరం పడలేదు. 'అతిథి ఎదుట అనుమతి లేని సమాచారం వెల్లడించినందుకు' కాంట్రాక్టు ఆపేశారు.

పత్రం ఇచ్చి సంతకం తీసుకోవడానికి టీచర్ ఇంటికి వెళ్లాను. వీధి అరుగు మీద గున్నమ్మ కూర్చుని కనకాంబరాల మాల కడుతోంది. ఆర్టీసీ కాంప్లెక్సు దగ్గర పూలమ్ముతోందట. మధ్యాహ్నం ఎండకి ఇక్కడికొచ్చి కూర్చుంటుందట. నన్ను చూసి దండ పక్కన పెట్టలేదు. "రండి బాబూ" అంది, అంతే.

టీచర్ కళ్లజోడు పెట్టుకుని పత్రం మొదటి నుంచి చివరిదాకా చదివింది.

"నువ్వే రాశావా?"

"అవును టీచర్‌గారూ."

"పుష్పానికి ష కింద ప వత్తు ఉండాలిరా. మూడుచోట్ల బ వత్తు పెట్టావు." ఎర్ర పెన్సిలు తీసి మూడుచోట్లా దిద్దింది. తరవాత సంతకం పెట్టింది. సంజాయిషీ రాయాల్సిన చోట ఒక్క వాక్యం రాసింది: 'పూలు ఉండేవి, నేను చూశాను.'

"ఇంకాస్త రాయండి టీచర్‌గారూ. తోట ఎప్పుడు తీసేశారో, ఎవరు తీర్మానించారో, తేదీలు నా దగ్గర ఉన్నాయి. పెన్షను వరకు వస్తుంది ఇది."

"ఆ తేదీలు నీకు తెలుసు కదా. నువ్వు రాయి."

నేను పత్రం మడిచి సంచీలో పెట్టుకున్నాను. గున్నమ్మ దారం పళ్లతో కొరికింది. టీచర్ నన్ను ఇంకేమీ అడగలేదు. మంచినీళ్లిచ్చింది. తాగి వచ్చేశాను.

తేదీలు నేను రాయలేదు.

విచారణ తొందరగానే అయింది. 'ఉండేవి' అన్నారంటే ఇప్పుడు లేవని ఒప్పుకున్నట్టేనని పురుషోత్తంగారు తేల్చారు. శిక్షగా రెండు విషయాలు నిర్ణయించారు. ఒకటి, ఆవిడ ముందుగానే పదవీ విరమణ చేయాలి. రెండు, అసత్య చిత్రాలన్నిటినీ ఆవిడే చెరిపి, కాగితాలను యథాపూర్వ స్థితికి తేవాలి. పటాలూ, అద్దాలూ స్టాకు రిజిస్టర్లో ఉన్నాయి కాబట్టి అవి కదలకూడదు.

మొదటిదానికి ఆవిడ సంతకం పెట్టింది. రెండోదానికి, "నేను పిల్లలకి వెయ్యడమే చెప్పాను, చెరపడం చెప్పలేదు. మీకు వచ్చు కదా, మీరే చెరుపుకోండి" అని కబురు పంపింది.

మేమే చెరిపాం. ఆఫీసు సిబ్బంది నలుగురం, నాలుగు రోజులు. పేస్టల్ చెరపడం కష్టం కాదు. పొడిగుడ్డతో రెండుసార్లు తుడిస్తే చాలు. వరుస ఏడు నా వంతుకి వచ్చింది. డిసెంబరం దగ్గర నేను గుడ్డ పక్కన పెట్టి, ఎందుకో, వేలితో రుద్దాను. ఊదా మొత్తం వేలికి వచ్చేసింది. తెల్లచార ఉన్నచోట కాగితం అంతకుముందే తెల్లగా ఉందని అప్పుడు తెలిసింది. ఆవిడ అక్కడ అసలు రంగే వెయ్యలేదు, వదిలేసింది. ఏడో తరగతిలో ఇది నాకు చెప్పే ఉంటుంది.

అద్దాలు మళ్లీ బిగించాం. కింద ముద్రలూ సంతకాలూ సిరావి కాబట్టి అవి చెరగలేదు.

ఆ నెలాఖరున పురుషోత్తంగారు ఆఖరి తనిఖీకి వచ్చారు. నాలుగు గోడలూ తిరిగారు. ప్రతి పటం ముందూ ఆగారు, కాగితం చూశారు, గచ్చు చూశారు. తొందరపడలేదు. నాలుగువందల పన్నెండూ అయ్యేసరికి సాయంత్రం నాలుగైంది. కుర్చీ వేయించుకుని కూర్చుని, తన సొంత దస్తూరీతో నివేదిక రాశారు.

"స్థలమున పువ్వు లేదు. చిత్రమున పువ్వు లేదు. వ్యత్యాసము ఎచ్చటను కానరాలేదు. ఈ ప్రాంతమున పూర్తి సరిపోలిక సాధించిన ఉద్యానవనము ఇది యొక్కటే."

భుజంగరావుగారు లేచి ఆయన చెయ్యి పట్టుకున్నారు. కమిషనర్‌గారి కళ్లలో నీళ్లు తిరిగాయి. నివేదికకి సాక్షి సంతకం కావాలన్నారు పురుషోత్తంగారు. నేను పెట్టాను.